మునిసిపాలిటీ గీత, నాయనమ్మ ముగ్గు

తడి తారు మీద సుద్దముక్కతో గీస్తే ఒక వాసన వస్తుంది. న్యూజిలాండులోని హామిల్టన్‌లో, మేముండే రోటోటూనా పేటలో, షాపుల ముందరి కార్ పార్కులో శనివారం సంత జరుగుతుంది. ఎవరి స్టాలు ఎక్కడో పొద్దున్నే సుద్దతో గీసి చూపించడం నా పని. ఇక్కడి చినుకుకి వేళాపాళా ఉండదు కదా, గీసిన గీత గీసినట్టే తడుస్తుంది, ఆ వాసన గుప్పుమంటుంది, నేను జాకెట్ జిప్పు మెడదాకా లాక్కుని మా ఊరి మెయిన్ బజారులో, నాన్నగారి స్టీలు సామాన్ల కొట్టు ముందు తేలతాను.

ఆ బజారు పూటకో వేషం వేసేది. తెల్లవారుతూనే కొట్ల మెట్ల ముందు తోటకూర కట్టలూ, మట్టి వదలని చేమదుంపలూ. షట్టర్లు గరగరమంటూ లేచేసరికి కూరలవాళ్ళు బుట్టలెత్తుకుంటే అదే చోట్లో గాజులూ రిబ్బన్లూ. పొద్దువాలాక బజ్జీల బండి, ఆ నూనె వాసనకి హోంవర్కు మరిచిపోయే మేము. వేసవిలో తాటిముంజలు, చవితికి దారంతా మూసేసే పత్రి కుప్పలు, శ్రీరామనవమికి ప్రతి కొట్టువాళ్ళూ పిలిచి పోసే మిరియాల పానకం. కొట్టుకొట్టుకీ తిరిగి తాగి, రాత్రికి కడుపునొప్పని ఏడిస్తే అమ్మ వీపు మీద ఒక్కటిచ్చేది.

ఇంత జనం అంత ఇరుకులో ఎలా సర్దుకున్నారంటే, మా కొట్టు వరకూ ఆ ఘనత నాయనమ్మ ముగ్గుదే. మా ఇల్లు కొట్టు పైనే. చీకటుండగానే ఆవిడ దిగివచ్చి, కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టేది. ముగ్గులోపల కొట్టు, ముగ్గు బయట అమ్ముకునేవాళ్ళు. ఎవరూ చెప్పిన పద్ధతి కాదు, అందరూ పాటించేవాళ్ళు. ఆవిడ మనసు బావుంటే ముగ్గు చిన్నది. ఎవరి మీదైనా కోపమొచ్చిందా, మర్నాటికి ఒక వరస చుక్కలు పెరిగేవి, పాపం వాళ్ళు బుట్ట కాలవ వైపుకి జరుపుకునేవాళ్ళు. ఎక్కువగా జరిగేది పూల మంగమ్మే. మల్లెలూ కనకాంబరాలూ కలిపి కడుతూ, ఆ మాటా ఈ మాటా జారడం ఆవిడకి అలవాటు. "మూర కొలిచేటప్పుడు మోచెయ్యి ముడుస్తావేమే" అని నాయనమ్మ దెప్పితే, "మీ చెయ్యి చాచండి మామ్మగారూ, దాంతోనే కొలుస్తా" అనేది. ఇంకేముంది, మర్నాడు చుక్కలు పెరిగేవి.

అలా అలిగి ఉన్న రోజుల్లోనే మునిసిపాలిటీవాళ్ళు దండోరా వేయించారు. మెట్లకి ఆనించి తెల్లగీత గీస్తారట. గీత లోపల కొట్లవాళ్ళది, బయట నడిచేవాళ్ళది. గీత బయట కూర్చున్నవాళ్ళెవరైనా బస్టాండు వెనక ఖాళీస్థలానికి పోవాల్సిందే. అక్కడికి పూల కోసం ఎవరెళ్తారు? మధ్యాహ్నానికి వాడిపోయే సరుకు. గీత గీసే ముందురోజు సాయంత్రం మంగమ్మ ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని మెట్ల కింద కూర్చుండిపోయింది.

"రేపట్నించి రాను మామ్మగారూ. నా బతుకింతే."

"ఏడుపాపు. రేపు శుక్రవారం, పూలు ఎక్కువ తే" అంది నాయనమ్మ విసురుగా. ఆ మొండితనం తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగానే ఉంటుంది.

మర్నాడు సున్నం బకెట్లతో, తాళ్ళతో మేస్త్రీ వచ్చేసరికి మా ముందు అంతకుముందెన్నడూ చూడనంత ముగ్గు. మెట్ల దగ్గర మొదలై, మంగమ్మ కూర్చునే చోటు మాత్రం మధ్యలో ఖాళీగా వదిలి, కాలవ దాకా మెలికలు తిరిగి, ఎర్రమట్టి అంచుతో మెరిసిపోతోంది.

"కాస్త చెరిపెయ్యండమ్మా, గీత వెయ్యాలి."

"శుక్రవారం పూట ముగ్గు చెరపమంటావా? నీ చేత్తో నువ్వే చెరుపు నాయనా, చూస్తా."

ఆయన ముగ్గు వంక చూశాడు, నాయనమ్మ వంక చూశాడు, చెప్పులు విడిచాడు, మళ్ళీ వేసుకున్నాడు. ఆఖరికి ఊరికే ఉన్న కూలీని ఒక తిట్టు తిట్టి, తాడుని ముగ్గు చుట్టూ తిప్పాడు. కిరాణా కొట్టు ముందు నిటారుగా వచ్చిన మునిసిపాలిటీ గీత మా ముందు బొజ్జలా ఉబ్బి, మళ్ళీ బుద్ధిగా నిటారైంది. ఆ బొజ్జలో మంగమ్మ బుట్ట దించింది. మధ్యాహ్నం అధికారి వచ్చి మేస్త్రీని నానా మాటలూ అన్నాడు గానీ, అప్పటికి గీత ఆరిపోయింది. ఎదురు కొట్టువాళ్ళు ఇది చూసి ముగ్గుపిండి తెచ్చుకునేసరికి వాళ్ళ వైపూ ఆరిపోయింది. వాళ్ళ ముందర గాజులమ్మే ఆవిడ బస్టాండు వెనక్కే పోవాల్సొచ్చింది, అదొక్కటే బాధ.

"కూర్చోవే మంగమ్మా. ముగ్గు మాత్రం తొక్కావో, చెప్తా నీ పని" అంది నాయనమ్మ. మంగమ్మ ఆ రోజు మూర నిండుగా కొలిచింది.

మొన్న ఊరెళ్ళినప్పుడు చూస్తే గీత లేదు. టైల్సు పరిచి ఇనుప రైలింగు పెట్టారు. మా కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు, గుమ్మం ముందు ముగ్గు స్టిక్కరు. ఆ స్టిక్కరుకి కోపం రాదు, పెరగదు, తగ్గదు. నాయనమ్మా లేదు, మంగమ్మా లేదు.

ఈ శనివారం నేను గీతలు ముగించేసరికి, ఎవరికీ ఇవ్వడానికి కుదరని మూలలో మా అమ్మాయి మిగిలిన సుద్దతో పెద్ద ముగ్గేసింది. వీడియో కాల్లో వాళ్ళ అమ్మమ్మ నేర్పిందట. కుక్కని నడిపిస్తూ వచ్చిన ఒక కివీ పెద్దాయన ఆగి, చూసి, కుక్కని పక్కకి లాక్కుని చుట్టూ తిరిగి వెళ్ళాడు. ఆయనకి ఎవరు చెప్పారో! కాసేపటికి కరివేపాకు మొక్కల కుండీలు పట్టుకుని సంతకి కొత్తయిన తెలుగు ఆంటీ ఒకావిడ వచ్చింది. బుకింగ్ చెయ్యాలని తెలీదట, కళ్ళు అప్పుడే చెమ్మగిల్లాయి.

"ఎక్కడైనా కొంచెం చోటుందామ్మా?"

నేను మూల వైపు చూశాను. ముగ్గు అంచుకీ పక్క స్టాలు గీతకీ మధ్య కుండీలకి చాలీచాలని చోటుంది. సుద్ద తీసుకుని పక్క స్టాలు గీతని కాస్త అటు వంచాను.

"కూర్చోండి ఆంటీ. ముగ్గు మాత్రం తొక్కకండి."