ఓనర్ని బయట కూర్చోబెట్టాలి

మూడు నెలలుగా నాకు సరిగ్గా నిద్ర లేదు. ఈ రోజు మొదటిసారి సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆటోనగర్‌లో లారీల రిపేరు షెడ్డు నడిపే మా ఆయన తోడొచ్చారు.

లోపల డాక్టరమ్మ నన్నడిగిన మొదటి మూడు ప్రశ్నలకూ జవాబు ఆయనే చెప్పేశారు. "తనకేం కష్టం లేదండీ, ఊరికే ఆలోచిస్తా ఉంటది." ఆవిడ నవ్వుతూనే ఆయన్ని బయట కూర్చోమన్నారు. అంతే, మొహం మాడ్చుకున్నారు.

ముప్పావుగంట తర్వాత నేను బయటికి రాగానే చెయ్యి చాపారు.

"మందుల చీటీ ఏది?"

"మందులేం లేవండీ. వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారు."

"స్కానింగన్నా రాయలేదా? ఇంతసేపూ కబుర్లేనా? దానికి నన్ను బయటికి పంపడం ఒకటి!"

నాకు ఒళ్ళు మండింది. షెడ్డుకి ఏ లారీ వచ్చినా, డ్రైవర్‌తో అరగంట మాట్లాడందే ఈయన స్పానర్ పట్టరు. ఆ గొప్ప పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్నాను.

"డ్రైవర్ని మాట్లాడించేటప్పుడు లారీ ఓనర్ని టీకి పంపించేస్తారు కదా, ఎందుకూ?" అన్నాను.

"ఓనర్ పక్కనుంటే వాడు నిజం చెప్పడు," అన్నారు ఠక్కున.

ఇద్దరం బండెక్కాం. బండి బెంజి సర్కిల్ దాటాక, వెనక్కి తిరక్కుండానే మెల్లిగా అడిగారు. "అంటే, నేను ఓనర్నా?"

పెళ్ళై పద్దెనిమిదేళ్ళయింది. ఆ మాట ఆయన అడగడం ఇదే మొదలు. ఇంటికొచ్చి కాఫీ ఇచ్చాను గానీ జవాబు ఇంకా ఇవ్వలేదు. మీరైతే ఏం చెబుతారండీ?