ముందు వరుసలో నవ్వని ఇద్దరు

ఆ రోజుల్లో మా వరంగల్‌లో నవ్వించేవాడికంటూ ఒక పేరుండేది కాదు. ఇప్పుడు స్టాండప్ కామెడీ అని మర్యాదగా పిలుస్తున్నారు గానీ, డెబ్బైల చివర్లో నేను వేదిక ఎక్కినప్పుడు నా హోదా ‘పాటలాయన చాయ తాగి వచ్చేదాకా మాట్లాడే పిలగాడు’. అయినా నా కీర్తి హన్మకొండ, కాజీపేట దాటి, రైలెక్కి మద్రాసు దాకా పోయింది. (నిజంగానే పోయింది. మా బావ రైల్వేలో పనిచేసేవాడు. దారి పొడవునా అతనే చెప్పుకుంటూ పోయాడు.)

పగలు మాత్రం నేను మార్కెట్లో ఒక మిర్చి సేటు దగ్గర గుమాస్తాను. ఆ సేటే నా కళకు ప్రాణం. రైతు బస్తా విప్పగానే ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, మూడు తుమ్ములు తుమ్మి, ఒక్క కాయను ఎండకేసి చూసి, దగ్గరి చుట్టం పోయినంత దిగులుగా “అంత తాలే గదనే” అనేవాడు. తాలంటే రంగు పోయిన కాయ. ఎర్రగా నిగనిగలాడేది కూడా ఆయన కంటికి తాలే. నేను దాన్ని వేదిక మీద అచ్చం ఆయనలాగే దించితే జనం కుర్చీల్లోంచి పడేవారు. (విరిగినవి రెండు కుర్చీలు. నలభై అని చెప్పుకునేవాణ్ని.) ఈ సంగతి ఎవరు చేరవేశారో గానీ, ఒకరోజు సేటు నన్ను గద్దె దగ్గరికి పిలిచాడు. “ఆటలాడుతున్నవట. మంచిదే. నా దుకాణం ముచ్చట స్టేజీ మీద ఇనపడ్డదనుకో, తెల్లారి సంది నువ్వు స్టేజీ మీదనే బతకాలె” అన్నాడు. ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు, వాళ్లందరికీ కలిపి నా ఒక్క జీతం. ఆ రోజు నుంచి నాకు ప్రతి మనిషీ సేటు మనిషిలాగే కనబడ్డాడు.

సరిగ్గా ఆ వారమే వినాయకుడి పందిట్లో వాళ్లిద్దరూ దిగారు. ముందు వరుస, ధోవతులు, ఒకే పోలికలు, ఇద్దరి ఒళ్లోకీ పరిచిన ఒకే ఎర్ర తువ్వాల. దాని కింద చేతులు. పశువుల సంతలో బేరం అలాగే నడుస్తుంది. పక్కవాడికి తెలియకుండా తువ్వాల కింద వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. మొన్ననే వాళ్లు దుకాణంలో కూర్చుని ఉండగా, సేటు వంగి వాళ్లతో గుసగుసలాడటం నేను కళ్లారా చూశాను.

“బావా, ఊరంత నవ్వుతాంది, ఆళ్లిద్దరు నవ్వుతలేరు” అన్నాడు మా బావ, తెర వెనక నుంచి.

“సేటు మనుషులే. తువ్వాల కింద ఏందో నడుస్తాంది.”

“ఇంకేముంటది, నీ బేరమే.”

“కాళ్లకా, చేతులకా?”

“హోల్‌సేల్ అనుకుంట.”

నోటిదాకా వచ్చిన సేటును మింగేసి, బదులుగా మిమిక్రీలో రైలు కూత వేశాను. ఆ తర్వాత ఏడేళ్లు అదే కథ. కాలేజీ వార్షికోత్సవమైనా, రైల్వే క్వార్టర్లలో పెళ్లైనా తువ్వాల హాజరు, సేటు గైర్హాజరు. వాళ్లు రానిచోట సేటును తుమ్ములతో సహా దించేవాణ్ని. వచ్చినచోట రైలు కూత. నేను స్నానం చేస్తూ కూనిరాగం తీసినా కిటికీ అవతల ఎరుపు కదిలినట్టుండేది.

చివరికి హైదరాబాదు నుంచి ఒక మిమిక్రీ ట్రూపు యజమాని నన్ను చూడటానికే వచ్చాడు. “మీ మిర్చి సేటు గురించి చాలా విన్నాను. అది నచ్చితే ఈ నెల నుంచే జీతం, దేశమంతా తిప్పుతాను” అన్నాడు. ఆదివారం పగటిపూట హాలు కిక్కిరిసింది. రుమాలు ముక్కు దాకా వచ్చింది. ముందు వరుసలో తువ్వాల పరుచుకుంది. ఈయనకు నేను నచ్చకపోతే, రేపు ఆ సేటు దగ్గరి కొలువు కూడా ఉండదు. రుమాలు జేబులో పెట్టి రైలు కూత వేశాను. ట్రూపాయన సంచీ భుజాన వేసుకుని, “రైలు కూత వచ్చే దారిలోనే విన్నాను” అని వెళ్లిపోయాడు.

తెగించి, మెట్ల మీద ఆ అన్నదమ్ములకు అడ్డం నిలబడ్డాను. “సేటు ఎంతిస్తాండు మీకు?”

“ఆడిచ్చేదా?” అన్నాడు పెద్దాయన. “రఘునాథపల్లి కాడికెళ్లి మిర్చి తెస్తే, చెవుల మెల్లగ తాలు అని చెప్పి సగం ధర కడతడు. నువ్వు ఆయన్ని అచ్చం దించుతవని విని ఏడేండ్ల సంది వస్తానం తమ్మీ. ఒక్కనాడన్న చెయ్యకపోతివి.”

“మరి నవ్వరెందుకు?”

“ఎడ్ల బేరం సుత చేసేటోళ్లం. సరుకు చూసి నవ్వితే ధర పెరగదా?”

“తువ్వాల కింద?”

“నీ జోకులకు రేటు కడ్తానం. నోటితో అంటే నువ్వు బాధపడ్తవని” అన్నాడు చిన్నాయన. “రైలుకైతే ఎన్నడు రెండు వేళ్లు దాటలే.”

అటూ ఇటూ చూసి (ఏడేళ్ల అలవాటు), ఆ మెట్ల మీదే రుమాలు తీసి సేటును మొదటి తుమ్ము నుంచి చివరి దాకా దించాను. పెద్దాయన స్తంభం పట్టుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వాడు. అప్పటికి ట్రూపాయన రైలు కాజీపేట దాటి ఉంటుంది. మర్నాడు నేను మళ్లీ గుమాస్తానే.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఆనాటి నన్ను, ఆ సన్నటి కుర్రాణ్ని, వెతుక్కుంటూ వెళ్లి, ‘ఒరే, భయపడకు, వాళ్లు నీవాళ్లే’ అని చెప్పాలనిపిస్తుంది. కానీ ఈ నెరిసిన జుట్టు, ఈ బొజ్జ చూశాడంటే, వాడు నన్ను కూడా సేటు మనిషే అనుకుంటాడు.