తడవని బొంత

మా వీధిలో పుట్టిన ప్రతి బిడ్డా ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మొదట పడుకున్నది మా వదిన కుట్టిన బొంత మీదే. నా పిల్లలూ అంతే, ఎదురింటి సాయిబుగారి పిల్లలూ అంతే, రాయపురం హార్బరుకు చేపల పనికి పోయేవాళ్ళ పిల్లలూ అంతే. వదిన అంటే మా అన్న భార్య. మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. మా సందు ఎంత ఇరుకంటే ఒక ఇంట్లో తాలింపు పెడితే నాలుగిళ్ళలో తుమ్ముతారు. అలాంటి చోట ఎవరికి నెలలు నిండుతున్నాయో దాచడం ఎవరి తరమూ కాదు. వదినను ఎవరూ వచ్చి అడగనక్కర్లేదు. తనే ఆ ఇంటి గడప దగ్గర నిలబడి, "మీ అవ్వది గానీ తాతది గానీ కట్టి ఇడిసిన నూలు గుడ్డ ఉంటే ఇయ్యి మే" అని చెయ్యి చాపేది.

ఆ పెద్దవాళ్ళ గుడ్డే బొంతకు ప్రాణం. పుట్టిన బిడ్డను ముందుగా ఒట్టి కొత్త గుడ్డ మీద పడుకోబెట్టకూడదని మా వాళ్ళ పట్టింపు. బాగా బతికిన మనిషి చీరో పంచో లోపలి పొరగా పరుస్తారు. వదిన దాన్ని నేల మీద పరిచి, మూలలు లేవకుండా రుబ్బురాయి పొత్రం ఒక పక్క, బిందె ఒక పక్క పెట్టి, పైన రంగు రంగుల ముక్కలు అతికి, చీర అంచులోంచి లాగిన దారంతో కుట్టుకుంటూ పోయేది. కుడుతూ కుడుతూ ఆ ఇంటి కథంతా చెప్పేది. ఇక ఆ తర్వాతంతా బిడ్డ తడపడం, తల్లి ఉతకడం, మేడ మీద ఎండలో ఆరెయ్యడం. తడిసి ఆరిన కొద్దీ బొంత మెత్తబడుతుంది. పాపం, కొత్త బొంత కొంచెం గరుకుగానే ఉంటుంది. దాన్ని మెత్తన చేసేది కుట్టినవాళ్ళు కాదు, పడుకున్న పిల్లలే.

పైన వేసే ముక్కలు మా సందు చివర మేడ మీదున్న కుట్టు యూనిట్ నుంచి వచ్చేవి. వదిన అక్కడే పని చేసేది. కుట్టిన బట్టలకు మిగిలిన దారాలు కత్తిరించడం, మడతలు పెట్టడం. ఆ బట్టలన్నీ ఊరికి అటు పక్క పెద్ద అద్దాల షాపున్న ఒక కంపెనీకి పోయేవి. మంచి నూలు, చేతికి తగిలితే చల్లగా ఉండేది. అక్కడి కటింగ్ మాస్టరు మంచివాడు. బట్ట కత్తిరించగా మిగిలిన ముక్కల్లో కాస్త పెద్దవి ఒక సంచీలో వేసి వదినకు పక్కన పెట్టేవాడు. మిగతావి మూటలు కట్టి కాలవ గట్టున పారేసేవాళ్ళు. ఆ ఒక్క యూనిట్ అనే కాదు, అందరూ అంతే. వాన పడితే కాలవ ఆ పేలికలతో నిండిపోయి, నీళ్ళు మా వంటింట్లోకి వచ్చేవి.

అందుకే కంపెనీ వాళ్ళు పద్ధతి మారుస్తామని చెప్పినప్పుడు మేమంతా సంతోషించాం. యూనిట్ మెట్ల దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. వదిన నన్ను చదవమంది. నేను కార్పొరేషన్ తెలుగు బడిలో నాలుగు తరగతులు చదివి మానేసినదాన్ని, ఇంగ్లీషు నాకెక్కడ వస్తుంది? వదిన కూతురు, నా మేనకోడలు, కాలేజీ చదివిన పిల్ల. అదే చదివి చెప్పింది. రంగులు చెట్ల నుంచి, వేళ్ళ నుంచి తీసినవే వాడతారట. కుట్టే చేతికి న్యాయమైన కూలి ఇస్తారట. తమ దగ్గర ఒక్క ముక్క కూడా చెత్తలోకి పోనివ్వరట.

"ఇంతేనా? మన ఇంట్లో మాత్రం ఏం పోతా ఉండాది చెత్తలోకి?" అంది వదిన.

"అమ్మా, నువ్వు కూడా ఒక బోర్డు పెట్టుకో పో" అని మేనకోడలు నవ్వింది.

అబద్ధం చెప్పకూడదు, వాళ్ళు చెప్పినట్టే చేశారు. యూనిట్‌లో ఫ్యాన్లు వచ్చాయి. ఆడవాళ్ళకు గడియ ఉన్న బాత్రూమ్ కట్టించారు. అంతకు ముందు వదిన పొద్దున కాఫీ తాగితే మళ్ళీ ఇంటికొచ్చేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టేది కాదు. జీతం నెల తిరగ్గానే బ్యాంకులో పడేది. వానాకాలంలో కాలవ పొంగడం కూడా తగ్గింది. వీటిలో ఒక్కటి కూడా తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

కానీ ఒక సాయంత్రం వదిన ఖాళీ సంచీతో తిరిగొచ్చింది. మాస్టరు అన్న మాట నాకు అతని గొంతుతోనే చెప్పింది.

"అక్కా, ఇంగ ముక్కలు బయటికి పోగూడదంట. మూట కట్టి, తూకం ఏసి, కంపెనీకే పంపాలంట."

"ఏం మాస్టర్, చెత్తకు కూడా తూకమా?"

"అది చెత్త గాదంటక్కా ఇప్పుడు. సరుకంట."

తర్వాత కొన్నాళ్ళకు కంపెనీ నుంచి ఒక మేడమ్ వచ్చింది. చిన్న వయసే, మాట మెత్తన. ముక్కలతో ఏమేం కుట్టవచ్చో యూనిట్‌లోని ఆడవాళ్ళనే అడిగింది. అందరూ మా వదిన వైపు చూశారు. వదిన నేల మీద కూర్చుని ఒక చిన్న బొంత కుట్టి చూపించింది. మేడమ్ ఆమె పక్కనే నేల మీద కూర్చుందట, చీర నలుగుతుందని కూడా చూసుకోకుండా. ఆ రోజు నుంచి వదిన పని మారింది. దారాలు కత్తిరించడం పోయి, పసిపిల్లల బొంతలు కుట్టడం, మిగతా ఆడవాళ్ళకు నేర్పడం. జీతం పెరిగింది. కూర్చోవడానికి మంచి పరుపు వేశారు.

ఒక్క దగ్గర మాత్రం పేచీ వచ్చింది. లోపలి పొరకు పాత గుడ్డ కావాలని వదిన అడిగింది. కుదరదంది మేడమ్. కొనేవాళ్ళకు ప్రతి గుడ్డా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తామని కంపెనీ మాటిచ్చిందట.

"ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు కదమ్మా, మా అత్త ఒంటి మీదనుంచి వచ్చింది" అంది వదిన.

మేడమ్ గట్టిగా నవ్వి, "మీకు తెలుసు, కొనేవాళ్ళకు మీ అత్త ఎవరో తెలియదు కదా అక్కా. పసిబిడ్డ ఒంటికి ముక్కూ మొహం తెలియని వాళ్ళ గుడ్డ ఎవరైనా తగలనిస్తారా?" అంది.

వదిన ఇంటికొచ్చి, "ఆ పిల్ల చెప్పేదీ నిజమే మే. నేనైనా తగలనిస్తానా?" అంది. ఆ మాట అక్కడితో అయిపోయింది.

అప్పటికి పెళ్ళయి రాయపురంలో కాపురముంటున్న మేనకోడలు ఆ ఏడే నీళ్ళు పోసుకుంది. వదిన పెట్టె తీసి మా అమ్మ నూలు చీర బయటికి తెచ్చింది. మా అమ్మ, అంటే వదినకు అత్త, కట్టి కట్టి ఉతికి ఉతికి, ఎర్రటి చీర కాస్తా తాంబూలం రంగు వెలిసిన పెదవిలా లేత రంగుకు తిరిగింది. ముఖానికి పెట్టుకుంటే ఇంకా అమ్మ వాసనే. ఎన్నో ఇళ్ళ పిల్లలకు కుట్టిన వదిన, ఇన్నాళ్ళకు తన సొంత కూతురి బిడ్డకు కుట్టబోతోంది. లోపలి పొర ఉంది. పైకి ముక్కలు లేవు.

ఇంట్లో వెతికాం. నవ్వు వస్తుంది తలుచుకుంటే, ఏడుపూ వస్తుంది. మా బీరువాల్లో నూలన్నదే లేదు. నావి అన్నీ జారిపోయే పాలిస్టరు చీరలు, వదినవి నైటీలు, మగవాళ్ళవి పాలిస్టరు కలిసిన డ్యూటీ షర్టులు. మా ఇంట్లోకి మంచి నూలు వచ్చే దారి ఆ ముక్కల సంచీ ఒక్కటే అని మాకు అప్పటిదాకా తెలియనే లేదు. జార్జి టౌన్ పోయి కొత్త గుడ్డ కొందామా అన్నాను.

"కొత్త గుడ్డ కొని కత్తిరించి ముక్కలు చేస్తారా ఎవరైనా? పిచ్చా నీకు?" అని వదిన నన్నే కసిరింది.

మాస్టరును అడిగింది. అతను చేతులు జోడించాడు. "నన్ను అడగొద్దక్కా, పైన కెమెరా ఉండాది. మేడమ్‌నే అడుగు." ఆ అడగడానికి వదినకు చాలా రోజులు పట్టింది. జీవితంలో ఎప్పుడూ ఏమీ అడగని మనిషి. చివరికి మేడమ్ వచ్చిన రోజు, కూతురికి నెలలు నిండాయని, ఒక్క పిడికెడు ముక్కలు ఇప్పించమని అడిగింది.

"ముక్కలెందుకక్కా?" అంది మేడమ్. మరుసటి వారం తనే ఒక అట్టపెట్టె తెచ్చి వదిన చేతిలో పెట్టింది. లోపల పల్చటి కాగితంలో చుట్టిన బొంత. వదిన కుట్టిందే. దానికి తగిలించిన కార్డు మీద వదిన చేతుల ఫోటో. షాపులో అమ్మే సరుకు, తన జేబులోంచి కొని ఇచ్చింది ఆ పిల్ల. మంచితనానికి ఏం తక్కువ?

ఆ మధ్యాహ్నం మేమిద్దరం కిటికీ పక్కన కూర్చున్నాం. వదిన బ్లేడుతో ఆ బొంత ఒక అంచు విప్పింది. "చూడు మే, నా కుట్టు నేనే ఇప్పుకుంటా ఉండా" అని నవ్వింది. అమ్మ చీరను మడతపెట్టి, లోపలికి జొనిపి, ముడతలు రాకుండా చేత్తో సవరించి, మళ్ళీ కుట్టేసింది. విప్పిన చోటు ఏదో నాకు కూడా తెలియలేదు. నెలల తరబడి బిగుసుకుని ఉన్న వదిన మొహం అప్పుడు విచ్చుకుంది.

పాప పుట్టింది. ఇంటికి తెచ్చిన రోజు వదిన బొంత పరిచింది. పాపను పడుకోబెట్టబోతే మేనకోడలు అడ్డం వచ్చింది.

"అమ్మా, అయ్యో, వేండామ్మా, వద్దు! దీన్ని తడిపేస్తుంది."

"తడపడానికే కదే కుట్టింది?"

"షాపులో ఎంతకు అమ్ముతారో తెలుసా నీకు? నీ చెయ్యి బొమ్మ ఉండాది దీనిమీద. మా అత్తోళ్ళకు చూపించాల. మా అమ్మ కుట్టింది ఎట్లా షాపులో ఉండాదో అందరూ చూడాల."

ఆ పిల్ల గొంతులో గర్వం విని వదిన బొంత మడిచి పక్కన పెట్టేసింది. నేల మీద రబ్బరు షీటు, దాని మీద బజారు నుంచి తెచ్చిన నైలాను దుప్పటి వేశారు. మద్రాసు ఎండల్లో నైలాను. పాప వీపంతా చెమటకాయలు. రెండు రోజులు చూసి వదిన ఇక ఆగలేక, లోపల అవ్వ చీర ఉందని కూతురికి చెప్పేసింది. ఆ మాటతో పిల్ల మనసు మారుతుందనుకుంది.

మేనకోడలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బొంతను గుండెకు హత్తుకుంది. "అవ్వ చీరనా? చెప్పలేదేమా! ఇంగ అసలే తడపనీయను" అని మళ్ళీ కాగితంలో చుట్టి, కలరా ఉండలు వేసి, బీరువాలో పెట్టింది.

ఇప్పుడు ఆ బొంత రాయపురంలో, మేనకోడలి అత్తగారింట్లో బీరువాలో ఉంది. వచ్చినవాళ్ళకు తీసి చూపిస్తుంది. పాప పరుగులు పెడుతోంది. వదిన ఇంకా యూనిట్‌కు పోతూనే ఉంది, బొంతలు కుడుతూనే ఉంది. అవి ఎవరి పిల్లల కిందకో పోతున్నాయి. వాళ్ళు తడుపుతున్నారో, వాళ్ళూ దాచుకుంటున్నారో ఆ దేవుడికే తెలియాలి. మా సందులో పుట్టే పిల్లలకు మాత్రం బొంతలు లేవు. గడప దగ్గర నిలబడి పాత గుడ్డ అడిగే మనిషి లేదు. మేడ మీద తీగలకు తువ్వాళ్ళే ఆరుతుంటాయి.

నాకు మాత్రం ఎప్పుడూ గుర్తొచ్చేది పాప బోర్లా పడిన రోజు. తల్లీబిడ్డా అప్పటికి ఇంకా మా వదిన ఇంట్లోనే ఉన్నారు. ఫోటో తీయాలని మేనకోడలు బొంత బయటికి తీసింది. నేల మీద పరిచి, పాపను మొలతాడుతోనే దాని మీద బోర్లా పడుకోబెట్టింది. పాప తల ఎత్తి, రంగు ముక్కల్ని చేత్తో గీరుతూ, చొంగ కారుస్తూ నవ్వుతోంది. మేనకోడలు ఫోన్ పట్టుకుని ఆ పక్క నుంచీ ఈ పక్క నుంచీ తీస్తోంది.

వదిన పాప తల దగ్గర కూర్చుని ఉంది. పాప ఒక్కసారిగా నవ్వు ఆపి, కాళ్ళు బిగించింది. పిల్లల్ని పెంచినవాళ్ళకు ఆ బిగింపు ఏమిటో తెలుసు. వదిన వంగి, పాప చెవిలో, నాకు మాత్రమే వినబడేలా అంది.

"పోసెయ్యవే, నా తల్లీ. పోసెయ్."

"అమ్మా, పోస్తుంది పోస్తుంది!" అని మేనకోడలు ఫోన్ పడేసి, ఒక్క ఊపులో పాపను ఎత్తుకుని నీళ్ళు పోయే జలదారి దగ్గరికి పరిగెత్తింది.

వదిన అలాగే కూర్చుంది. పాప పడుకున్న చోట అరచెయ్యి ఆనించి చూసింది. కొంచెం పక్కకు జరిపి చూసింది. మళ్ళీ ఇంకొంచెం పక్కకు. ఎక్కడా తడి లేదు.