సైదాబీ అరుగు మీది పలక ముక్కలు

మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి వెనక సందులో సైదాబీ పొయ్యి ముందు మనుషులు వరసలో నిలబడరు. వాళ్ల బదులు పలక ముక్కలు నిలబడతాయి.

ఇరవై రెండేళ్ల ఏర్పాటు ఇది. పలకల ఫ్యాక్టరీలో కోత పని చేసిన ఆమె భర్త, పనికిరాని ముక్కలన్నీ ఇంటికి మోసుకొచ్చేవాడు. ఎందుకని ఆమె రోజూ తిట్టేది. ఆయన పోయాక, ఆమె ఉగ్గాని పొయ్యి పెట్టుకున్నాక, వాటికీ ఒక పని దొరికింది. వచ్చినవాడు తన ముక్కను అరుగు మీద, అప్పటికే ఉన్న ముక్కల చివర పెట్టి తన పనికి పోతాడు. వంతు చూసుకుని తిరిగొచ్చేసరికి వేడి బొరుగుల ఉగ్గాని, దాని మీద రెండు మిరపకాయ బజ్జీలు సిద్ధం. సైదాబీకి చదువు రాదు కాబట్టి ముక్కల మీద పేర్లుండవు, మేకుతో గీసిన గుర్తులే. టైలర్ జాకబ్‌ది కత్తెర. ఆటో బాలయ్యది మూడు సున్నాలు. మేకలు మేపే శ్రీశైలమ్మది రెండు గాట్లున్న చెవి. మందలో కలిసిపోకుండా తన మేకల చెవులకు ఆమె పెట్టుకునే గాట్లే అవి.

ఒకరి ముక్కను ఇంకొకరు జరపడమనేది ఆ సందులో ఎవరికీ తట్టని సంగతి.

ఈ మధ్య ఆ వీధులను చూడదగ్గ పాతపేటగా తీర్చిదిద్దడానికి ఒక సంఘం పుట్టింది. పాతపేట అందం బయటికి కనబడాలంటే అందులో బతికేవాళ్లు కాస్త పక్కకు జరగాలని ఆ సంఘం మొట్టమొదట తీర్మానించింది. బండ్లూ పొయ్యిలూ బస్టాండు అవతలి కొత్త షెడ్డుకు పోవాలట. సైదాబీకి నిద్ర కరువైంది. పొయ్యిని మోసుకుపోవచ్చు, ముక్కల్నీ మోసుకుపోవచ్చు. మిషను వదిలి జాకబ్ అంత దూరం వస్తాడా? మందను తోలుకుని శ్రీశైలమ్మ బస్టాండు దాటగలదా?

సంఘంలో కాస్త దయగల మనిషి గోవర్ధన్, కాలేజీలో చరిత్ర చెబుతాడు. ఒక ఉపాయంతో వచ్చాడు.

"పెద్దమ్మా, ఆదివారం హైదరాబాదు నుంచి పన్నెండు మంది వస్తన్నారు. పేటంతా తిప్పి, చివర్లో నీకాడికి తీసుకొస్తా. బాగుందని మా సంఘం అభిప్రాయాల పుస్తకంలో రాసినారంటే నిన్ను ఎవరూ కదిలించరు. వాళ్లేం అడిగినా కాదనొద్దు."

"నేనెందుకు కాదంటా నాయనా? ఉప్పు సరిపోయిందా లేదా అని తప్ప నన్నెవరు ఏం అడుగుతారు?"

ఆదివారం వాళ్లు టోపీలు పెట్టుకుని వచ్చారు. రెండు గంటలు రాళ్లను చూసి అలసిన ముఖాలు అవి. గోవర్ధన్ నీళ్ల సీసాల కోసం పోయాడు. కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ అరుగు ముందు వంగి, ముక్కల్ని చాలాసేపు చూసి, "వీటిలో తలా ఒకటి తీసుకోవచ్చా?" అని అడిగింది.

సైదాబీకి ముచ్చటేసింది. పట్నపోళ్లయినా పద్ధతి ప్రకారం వరసలోకి వస్తామంటున్నారు! కొత్తవాళ్ల కోసం అరుగు కిందే గీతల్లేని ముక్కల గంప ఉంటుంది. బజ్జీలు మాడిపోతాయని వెనక్కి తిరక్కుండానే చిల్లుల గరిటెతో అటు చూపించి, "దానికేం, తీసుకోండమ్మా" అంది.

వాయి తీసి తిరిగి చూస్తే గంప నిండుగా ఉంది, అరుగు ఖాళీగా ఉంది. అతిథులు సంచుల జిప్పులు వేసుకుంటున్నారు.

అప్పుడే శ్రీశైలమ్మ వచ్చింది. "వదినా, నా చెవి ఏదీ?"

"నా కత్తెర యాడ పోయింది?" అన్నాడు జాకబ్. "నేను పెట్టినప్పుడు ముందర ముగ్గురే ఉన్నారు."

"పొద్దున్నే అబద్ధమాడొద్దు జాకబూ, నీకన్నా ముందు నేనే పెట్టినా" అని బాలయ్య ఎగిరాడు.

మాట మీద మాట పెరిగింది. అతిథుల ముందు పుస్తకం తెరిచే ఉంది. ముక్కలు వెనక్కి ఇమ్మంటే వాళ్ల ముఖం చిన్నబోతుంది, షెడ్డే గతి. అడక్కపోతే సొంత మనుషులు జుట్లు పట్టుకునేలా ఉన్నారు. సైదాబీ గరిటెతో బాణలి అంచును టంగుమనిపించింది.

"నోళ్లు మూయండి! జాకబన్నా, నీది నాలుగు. బాలయ్యా, నువ్వు ఆరు. పూలంగడి జీవరత్నం మీ ఇద్దరి నడుమ. శ్రీశైలం వదినా, నువ్వు తొమ్మిది, కూర్చో." పన్నెండు ముక్కల వరసా కళ్లు మూసుకుని అప్పజెప్పింది. గొడవ చల్లారింది. ఇదంతా తమ కోసం పెట్టిన కార్యక్రమమేమోనని అతిథులు చప్పట్లు కొట్టారు.

ఒక సంచి మూతిలోంచి తన చెవి తొంగిచూడడం శ్రీశైలమ్మ కంటబడింది. అడగబోయి ఆమె నోరు తెరవగానే సైదాబీ అందులో బజ్జీ కుక్కింది. "ముందు తిను వదినా. తర్వాత చెప్తా."

అతిథులు పుస్తకంలో రెండు పేజీలు రాశారు. తరతరాల రాతి చిత్రకళ అన్నారు, చూడవచ్చినవారికి చిత్రాన్ని కానుకగా ఇచ్చే అపురూపమైన ఆచారం అన్నారు. ఉగ్గాని గురించి ఒక ముక్క కూడా లేదు. సంఘం పొంగిపోయి పొయ్యిని అక్కడే ఉండనిచ్చింది, ఒక షరతు మీద. నెలకో ఆదివారం వచ్చే అతిథులకు ఆచారం తప్పకుండా జరగాలి.

అందుకని ఇప్పుడు సైదాబీ మధ్యాహ్నాలు కూర్చుని, వచ్చేవాళ్ల కోసం కత్తెరలూ సున్నాలూ చెవులూ గీస్తోంది. పోయినవాటి బదులు తనవాళ్లకు మళ్లీ గీసిచ్చిన వరస ముక్కలు మూతున్న రేకు డబ్బాలో భద్రంగా ఉన్నాయి. ఆ ఆదివారాల్లో మాత్రం వాటిని బయట పెట్టే వీల్లేదు కాబట్టి, ఇరవై రెండేళ్లలో మొదటిసారి జాకబ్, బాలయ్య, శ్రీశైలమ్మ ఎండలో వరసగా నిలబడుతున్నారు.

"నా చెవులు హైదరాబాదులో గోడలెక్కి కూచున్నాయంట. నేను ఈడ కాళ్లు పీక్కుపోయేలా నిలబడినా" అని మొన్న శ్రీశైలమ్మ దెప్పింది.

"పోనీలే వదినా. ఈసారి మేక తప్పిపోతే ఆడికే పోయి వెతుక్కో."

ఇంతలో ఫోను పట్టుకున్న ఒక అతిథి, అరుగు మీది చిత్రాలు సరిగ్గా పడటం లేదనీ, కొంచెం పక్కకు జరగమనీ శ్రీశైలమ్మను మర్యాదగా కోరాడు.

ఆమె జరిగింది. జరిగే ముందు, నిలబడ్డ చోట దుమ్ములో కాలి బొటనవేలితో ఒక చెవి గీసి, దానికి రెండు గాట్లు పెట్టింది. వెనకున్న బాలయ్య దాన్ని చూసుకుని, తొక్కకుండా ఆగాడు.