మాంత్రికుడు అడిగిన బిడ్డ

తాండూరులో మా ఇంటికి ప్రచురణకర్త వచ్చిన రోజు తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడే. నాయన రాస్తున్న మూడు భాగాల మాయల నవలలో మొదటి భాగం ఆయన చదివేశాడు. అచ్చు వేస్తాడో, తిప్పి ఇచ్చేస్తాడో ఆ సాయంత్రమే తేలాలి. వేయకపోతే ఇక కలం ముట్టనని నాయన ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన మొండితనం తెలిసినవాళ్లం కనుక ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

నాయనది యాలాల్ దగ్గరి గొర్లకాపరుల ఇల్లు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకొని, తెలుగు రాయడం తనంతట తానే నేర్చుకొని పంతులయ్యాడు. ప్రచురణకర్తది కృష్ణా జిల్లా. రాష్ట్రాలు కలిశాక హైదరాబాదులో అచ్చాఫీసు పెట్టాడు.

ముందు ఆయన మంచి చెప్పాడు. నాపరాళ్ల కోట కళ్లకు కట్టిందట. గొర్రెపిల్ల గొంతుతో పిలిచే రాక్షసి వచ్చిన చోట ఒళ్లు జలదరించిందట. నాయన మీసం కాస్త లేచింది. తర్వాత లోపాలు మొదలయ్యాయి. రాజుల పేర్లే గంపెడున్నాయి, మొదటి భాగం మధ్యలో తెంపినట్టు ఆగిపోయింది. నాయన అన్నిటికీ తలూపాడు.

"అసలు చిక్కు వేరే ఉందండీ. మాంత్రికుడు 'నీ బిడ్డనియ్యి' అంటాడు. రాజు కూతుర్ని సొరంగంలో దాస్తాడు. కొడుకు ఎదురుగా ఉయ్యాల్లోనే ఉన్నాడు కదా! వాణ్ణెత్తుకుపోక మాంత్రికుడు వట్టి చేతులతో పోతాడేం? కథంతా అక్కడే కూలిపోయిందండీ."

"కొడుకునెందుకు తీస్కపోతడు సార్? వాడు అడిగింది బిడ్డను గదా!"

"కొడుకు మాత్రం బిడ్డ కాదంటారా?"

"కొడుకు బిడ్డెట్లయితడు?" నాయన గొంతు లేచింది. "జర సక్కగ సదివిన్రా మీరు?"

పుస్తకాల్లో కొడుకునూ బిడ్డ అనడం నాయన చదవకపోలేదు. కోపం వస్తే మాత్రం ఆయన నోట్లో ఇంటి మాటే ఉండేది. ప్రచురణకర్త ముఖం ముడుచుకుంది. రాతప్రతి బల్ల మీద పెట్టి, రైలు వేళయిందంటూ సంచి అందుకున్నాడు. నా పక్కన అన్న నేలచూపులు చూస్తున్నాడు.

"బిడ్డా, సార్‌కు చాయ్ తే," అన్నాడు నాయన, అంత కోపంలోనూ మర్యాద తప్పకుండా.

అన్న కదల్లేదు. నేను లేచాను. లేచాక గాని నాకు వెలగలేదు. హైదరాబాదు హాస్టల్లో ఒక గుంటూరు అమ్మాయి తన అక్కకు మగబిడ్డ పుట్టాడని చెబితే నేను పడీపడీ నవ్వాను. మగవాడు బిడ్డేమిటని!

"సార్, మా దిక్కు బిడ్డంటె ఆడపిల్లనే. గిప్పుడు సూసిన్రు గదా, నాయన పిలిస్తె అన్న లేవలే. నేనే లేచిన."

ఆయన అన్నను చూశాడు, నన్ను చూశాడు. పకపకా నవ్వి సంచి కింద పెట్టాడు. మాట అలాగే ఉంచి, అడుగున చిన్న వివరణ వేద్దామన్నాడు. గండం గడిచింది. నా నాలుక మాత్రం అక్కడితో ఊరుకోలేదు.

"లోపం ఇంకొకటున్నది సార్. కథంత గా పిల్ల సుట్టే తిరుగుతది. ఇమ్మని అడిగినా, సొరంగంల దాచినా, పిల్ల ఒక్క మాట మాట్లాడదు."

నాయన ముఖం నల్లబడింది. గెలిచిన పుస్తకాన్ని చేతులారా పాడుచేశానని భయంతో చచ్చాను. "నిజమేనండీ. రెండో భాగం ఆ పిల్ల మాటతోనే ఎత్తుకోండి," అని ప్రచురణకర్త రాతప్రతి సంచిలో పెట్టుకున్నాడు.

ఆయన్ని రైలెక్కించి తిరిగి వస్తుంటే నాయన నాకంటే ముందు గబగబా నడిచాడు. తిట్లు తప్పవనుకున్నాను. పట్టాలు దాటాక ఆగాడు.

"బిడ్డా," అన్నాడు. ఆ పిలుపు వెనక ఎప్పుడూ ఏదో పని ఉండేది. చాయ్ తే, నీళ్లు తే, తలుపెయ్యి. నన్ను చదువుకు పంపినప్పుడు కూడా పోతావా అని అడగలేదు, పొమ్మన్నాడు.

"బిడ్డా, గా పిల్ల ఏమంటదంటవ్?"

నాకు ఏడుపొచ్చింది. ఏం చెప్పాలో వెతుక్కుంటూ ఆయన పక్కన నడిచాను.