దేవసహాయాన్ని వదలని విమానం

రాజోలు కుర్రాడు దేవసహాయానికి పంతొమ్మిదో ఏట నౌకాదళంలో ఉద్యోగం వచ్చింది. పడమటి తీరంలో ఒక విమాన స్థావరం, అక్కడ యుద్ధ విమానాల సీట్లు చూసే పని. విమానం కూలిపోతున్నప్పుడు పైలట్ పిడి లాగితే కింద మందుగుండు పేలి, మనిషిని సీటుతో సహా పైకి విసిరేస్తుంది. అది అవసరానికి పేలాలి, మరెప్పుడూ పేలకూడదు. దేవసహాయం ఆ పని ఎంత బాగా నేర్చుకున్నాడంటే, చివరికి అదే అతని కాళ్లకు బంధమైంది.

భార్య కృపావతి రాజోలు బడిలో టీచరు. ఆవిడ ఉద్యోగం వదిలి వెళ్లలేదు; కూతురు బ్లెస్సీ ఆవిడ దగ్గరే. ఇతనికి ఏడాదికి రెండు నెలలే సెలవు. విశాఖ బదిలీకి అర్జీ పెడితే పై అధికారి ఉన్నమాటే చెప్పాడు.

"ఇవి పాతబడిన విమానాలు. కొత్తవాళ్లకి ఈ సీటు నేర్పడం దండగ. ఎగిరినన్నాళ్లూ నువ్వుండాలి."

ఆరు అర్జీలు తిరిగొచ్చాయి. ఏడోసారి ఉద్యోగమే మానేస్తానని కాగితం రాసుకున్నాడు. ఆ వారమే ఇంజన్లో పక్షి పడి ఒక విమానం సముద్రంలో కూలింది. పైలట్ సీటుతో సహా బయటపడి బతికాడు. ఆసుపత్రికి దేవసహాయాన్ని పిలిపించుకుని, అతని చేతులు రెండూ పట్టుకున్నాడు. ఆ సాయంత్రం దేవసహాయం కాగితం చింపేసి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఆయన బతికేరు, సంతోషమేనండీ," అంది కృపావతి. "మరి మన బ్లెస్సీకి మీరెప్పుడు దొరుకుతారు?"

ఆ తర్వాత ఇంకో తొమ్మిదేళ్లు గడిచాయి. ఒక మే నెలలో ఆ విమానాలకు వీడ్కోలు సభ జరిగింది. తల్లితోపాటు కాలేజీ చదువుతున్న బ్లెస్సీ కూడా వెళ్లింది. ఫైరింజన్లు వందనంగా విమానం మీద నీళ్లు చిమ్ముతుంటే పెద్ద అధికారులు కళ్లు తుడుచుకున్నారు.

"నాన్నా, నీకు ఏడుపు రావట్లేదా?"

"ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసేనమ్మా." అన్నాక అతనికే సిగ్గేసింది.

మర్నాడు ఆఫీసుకు పిలిచారు. విమానాలను ఊళ్లలో ప్రదర్శనకు పెడతారట. జనం ఎక్కకముందే సీట్లలో మందుగుండంతా తీసేయాలి. ఇంకో ఏడాది ఉండమన్నారు. సరేనన్నాడు.

గెస్ట్‌హౌస్‌లో కృపావతి చీర మడతపెడుతూనే విన్నది.

"కాదనలేకపోయేరా?"

"పిల్లలెక్కుతారు కృపా. తెలిసి తెలిసి ఎలా వదిలేస్తాను?"

"ఆయ్. మిమ్మల్ని పట్టుకున్నది నేవీ కాదండీ, మీ భయం."

ఏడాదన్నది పద్నాలుగు నెలలు సాగింది. అన్నాళ్లూ ఆ ఇరుకు కాక్‌పిట్లలో మోకాళ్లు ముడుచుకుని, ఇకమీదట ఎవరినీ కాపాడని సీట్లలోంచి మందుగుండు తీశాడు.

ఉద్యోగం ముగించుకుని రాజోలు వచ్చాక అతని నేర్పు ఎవరికీ అక్కర్లేకపోయింది. రోజంతా వరండాలోనే కూర్చునేవాడు. నెల తర్వాత ఒక ఉదయం, స్కూటర్ తీస్తున్న భార్యను అడిగాడు.

"బడి దగ్గర నేను దింపనా?"

"నాకలవాటేనండీ," అంది. అయినా తాళం అతనికిచ్చింది.

అతను బ్రేకు నొక్కి చూశాడు. టైర్లు చూశాడు. మళ్లీ బ్రేకు నొక్కాడు.

"బళ్లో బెల్లు కొట్టేస్తారండీ," అంటూనే ఆవిడ గుమ్మం మెట్టు మీద కూర్చుంది.