గంట మోగేదాకా సముద్రం నాది

మా టీచరమ్మ పోయిందని ఆమె కూతురు ఫోన్ చేసేసరికి నేను డిగ్లీపూర్‌లో ఆఫీసుకు బయలుదేరుతున్నాను. "దీదీ, పొద్దున టీ తాగి పడుకుంది. మళ్ళీ లేవలేదు," అంది. పోర్ట్ బ్లెయిర్ బస్సు ఎక్కానే గాని, రోజంతా పట్టే దారి; సమాధి చేసేలోగా చేరతానో లేదోనని గడియారం చూసుకుంటూనే ఉన్నాను.

పోర్ట్ బ్లెయిర్ ఒడ్డున, డిగ్నాబాద్‌లో ఆమెది మా పక్కిల్లు. బడిలో లెక్కలు చెప్పేది. క్రిస్మస్ మర్నాడు సునామీ వచ్చింది. ఆ తర్వాతి మార్చిలోనే నా పదో తరగతి పరీక్షలు. అలలు వెనక్కి పోయినా భూమి కదులుతూనే ఉండేది. వీధిలో లారీ వెళ్ళినా పుస్తకం పడేసి బయటికి పరిగెత్తేదాన్ని. ఒక్క పేరా చివరిదాకా చదవలేకపోయేదాన్ని. తప్పుతానన్న భయం వేరే.

ఒక సాయంత్రం ఆమె నన్ను తన వరండాలోకి పిలిచింది. సముద్రానికి వీపు పెట్టి కూర్చోబెట్టి, తను ఎదురుగా నీళ్ళు కనిపించేలా కూర్చుంది. అలారం గడియారానికి కీ ఇచ్చి మా మధ్య పెట్టింది.

"ఇరవై నిమిషాలు. గంట మోగేదాకా పుస్తకం నీది, సముద్రం నాది. ఏదైనా తేడాగా కనబడితే నేనే చెప్తా. నువ్వు తల తిప్పకూడదు. సమ్ఝీ?"

"గంట మోగాక?"

"లేచి గేటు దాకా పో. ఎంత భయపడాలో అంత భయపడి రా."

మొదట్లో గంట కోసమే చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. మెల్లగా అక్షరాలు నిలబడ్డాయి. గంట మోగినా లేవకపోతే ఆమె పుస్తకం లాగేసుకునేది. బెల్లం ముక్క, మంచినీళ్ళు చేతిలో పెట్టి బయటికి తరిమేది. "భయానికి కూడా టైమివ్వాలే. ఇవ్వకపోతే చదువు మధ్యలో అదే లాక్కుంటుంది," అనేది.

ఒకరోజు గంట మోగకముందే అలమరలో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. "లే!" అంటూ నా చెయ్యి పట్టుకుంది. కాలనీ అంతా గుట్ట మీదికి పరిగెత్తాం. పైకి చేరాక గమనించాను, ఆమె చెయ్యి నా చేతికన్నా ఎక్కువ వణుకుతోంది.

"మీకూ భయమేనా, టీచరమ్మా?"

"మా తమ్ముణ్ణి తీసుకెళ్ళింది ఆ సముద్రమే కదే. భయం లేకుండా ఎలా ఉంటుంది?"

ఆ రోజు నీళ్ళు రాలేదు. మర్నాడు మళ్ళీ గడియారానికి కీ ఇచ్చింది. పరీక్ష హాల్లో భయం వేసినప్పుడల్లా కలం కింద పెట్టి, కాసేపు బయటికి చూసి, మళ్ళీ రాశాను. పాసయ్యాను. ఇప్పటికీ ఆఫీసులో పని ముందు బిగుసుకుపోయినప్పుడు నేను చేసేది అదే.

సమాధి కార్యక్రమానికి అందుకున్నాను. పాటలు, ప్రార్థన అయ్యాక ఆమె కూతురు నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. గది చీకటిగా, ఉక్కగా ఉంది.

"కిటికీ తీయొచ్చుగా?" అన్నాను.

"సునామీలో మామయ్య పోయాక అమ్మ దీన్ని తీయనివ్వలేదు, దీదీ. అటు సముద్రం కనబడుతుందని. మీ పరీక్షలయ్యాక వరండాలో కూడా ఎప్పుడూ కూర్చోలేదు."

రోజుకు అన్నిసార్లు, నా బదులు, ఆమె చూస్తూ కూర్చున్నది దేన్నో అప్పుడు తెలిసింది.

"తీద్దామా?" అంది ఆ పిల్ల.

గొళ్ళెం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఇద్దరం కలిసి లాగితే ఊడొచ్చింది. ఉప్పుగాలి ఒక్కసారిగా లోపలికి కొట్టి మంచం మీది దుప్పటిని లేపింది. ఆ పిల్ల నా కొంగు పట్టుకుంది. కింద నీళ్ళు నల్లగా, చాలా దగ్గరగా ఉన్నాయి.